ముప్పై మూరల కైవారం

ఆవిడ అసలు పేరు బడి రిజిస్టర్లలో ఉండే ఉంటుంది. పిల్లలకీ, వాళ్ల అమ్మానాన్నలకీ మాత్రం ఆవిడ కొలబద్ద టీచరు. కొడతారని కాదు. ఇరవై రెండేళ్లు రేఖాగణితం చెప్పిన ఆ మనిషి నల్లబల్ల మీద ఒక్క గీత కూడా ఏనాడూ ఉత్త చేత్తో గీయలేదు. "సుమారుగా అన్న మాట కూరలో ఉప్పుకి పనికొస్తుంది, నా క్లాసులో కాదు" అనేవారు.

పిల్లలు తగ్గి ఆ బడి మూతపడ్డాక ఆవిడకి తోచుబాటు కాలేదు. అదే రోజుల్లో ఆవిడ వెళ్లే చర్చివాళ్లు ఒక పని తలపెట్టారు. ఇంటి దగ్గరుండి చదువుకునే పదో తరగతి పిల్లల కోసం, విశ్వాసమూ చదువూ కలిసి సాగేలా ఆన్‌లైన్ పాఠాలు తయారు చేయిస్తున్నారు. లెక్కలు ఆవిడకి అప్పగించారు. చర్చి వెనక, ఆదివారం చిన్నపిల్లలు కూర్చునే గదే పాఠాల గది. గొంతు ప్రతిధ్వనించకుండా గోడలకి దుప్పట్లు వేలాడదీశారు. కుర్చీలన్నీ చిన్నపిల్లలవి. కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయా అన్నట్టుండేది. అయినా ఆవిడ ఉత్సాహంగానే మొదలుపెట్టారు.

ఇబ్బందల్లా ఒక్కటే నియమంతో వచ్చింది. ఏ పాఠమైనా ఒక బైబిలు వాక్యంతో మొదలవ్వాలి. దాని కోసం పేజీ పైన నీలం గీతల గడి ఒకటి ఉండేది. సైన్సు చెప్పేవాళ్లకి నక్షత్రాలున్నాయి, విత్తనాలున్నాయి. చరిత్రవాళ్లకి రాజులకి కొదవే లేదు. ఈవిడకి ముప్పై ఆరు పాఠాలు. సరళరేఖకి తిన్నని త్రోవ దొరికింది. లంబకోణానికి మూలరాయి దొరికింది. త్రిభుజానికి మూడు పేటల తాడు ముడేశారు. ట్రెపీజియం దగ్గరకొచ్చేసరికి ఏ ప్రవక్తా అక్కరకు రాలేదు. అలాంటి చోట ఏదో ఒక ఆశీర్వచనం పెట్టి ఊరుకునేవారు. ఆవిడది గట్టి నమ్మకమే. ప్రార్థన చెయ్యకుండా గుమ్మం దాటిన రోజు లేదు. అందుకేనేమో, పాఠం మీద వాక్యాన్ని కొత్తిమీరలా చల్లుతుంటే మనసొప్పేది కాదు.

వృత్తం పాఠం మర్నాడు పంపాలి. గడి ఇంకా ఖాళీగానే ఉంది. బైబిలు పేజీలు తిప్పుతుంటే పాత రాజు ఆలయం ముందు పోతపోయించిన గుండ్రటి నీటితొట్టి కళ్లబడింది. అంచు నుంచి అంచుకి పది మూరలు, కైవారం ముప్పై మూరలు. కైవారమంటే చుట్టుకొలత. వృత్తమూ ఉంది, అంకెలూ ఉన్నాయి! ఆవిడ సంతోషం పట్టలేక ఆ రెండు పంక్తులూ గడిలో ఎక్కించి పంపేశారు.

మూడు వారాలకి, పాఠం కింద పిల్లలు ప్రశ్నలు రాసే సందేహాల పెట్టెలో ఒక ప్రశ్న వచ్చింది. రాసింది కళ్లజోళ్ల దుకాణం వాళ్లమ్మాయి. దుకాణంలోనే కూర్చుని చదువుకుంటుంది కాబట్టి వీడియో క్లాసులో ఆ పిల్ల వెనక వంద జతల కళ్లజోళ్లు మనవైపే చూస్తున్నట్టుంటాయి.

"టీచర్, ముప్పైని పదితో భాగిస్తే మూడు. కింద మీరేమో పై (π) విలువ మూడు పాయింటు ఒకటి నాలుగు అన్నారు. రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. ఏది నిజం?"

ఆవిడ పాఠం తెరిచి చూసుకున్నారు. చిన్న భాగహారం. మూడో తరగతి పిల్ల చేస్తుంది. తను చెయ్యలేదు. అంకెలు కనబడగానే మురిసిపోయి అతికించేశారు. ముందు సిగ్గేసింది. ఆ తర్వాత ఎప్పటిదో గుర్తొచ్చింది. తనకి పదిహేనేళ్లప్పుడు, సృష్టి కథలో సూర్యుడు నాలుగో రోజున పుడితే మొదటి మూడు రోజులూ ఎలా లెక్కపెట్టారని ఆదివారం బడిలో తను అడిగారు. "నోరెక్కువైంది, కూర్చో" అన్నారు అక్కడి టీచరు. కూర్చున్నారు. మళ్లీ అడగలేదు. అడిగితే ఎవరూ కోప్పడని చోటని లెక్కల్లోకి వెళ్లారేమో, ఆవిడకే సరిగ్గా తెలీదు.

ఈలోగా ఆ ప్రశ్నని మిగతా పిల్లలు చూశారు, వాళ్ల తల్లులు చూశారు. పాస్టరుగారి ఫోను మోగుతూనే ఉంది.

"టీచరమ్మగారూ, ఆ వాక్యం తీసేద్దామండీ. ఇంకేదైనా పెట్టండి, గొడవుండదు" అన్నారాయన.

"అడిగాక తీసేస్తే పిల్లలేమనుకుంటారు, అయ్యగారూ? మనం దాచామనుకోరూ?"

ఆయన, కమిటీలో ఉన్న ఇంజినీరుగారి దగ్గర జవాబుందట, చూడమన్నారు. ఇంజినీరుగారు నిజంగానే చక్కటి కాగితం పంపారు. తొట్టి అంచు బెత్తెడు, అంటే అరచేతి వెడల్పంత, దళసరి అని అదే అధ్యాయంలో ఉంది. పది మూరలు బయటి కొలత, ముప్పై మూరలు లోపలి చుట్టు. మూర పద్దెనిమిది అంగుళాలు, బెత్త నాలుగంగుళాలు అనుకుంటే లెక్క అతికినట్టు సరిపోయింది. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. అలవాటు కొద్దీ ఇంకోసారి చూశారు. బెత్త మూడంగుళాలే అనుకుంటే? ఆరంగుళాలకు పైగా తేడా. అంటే కావలసిన జవాబొచ్చే బెత్తని ఎంచుకున్నారన్నమాట. పరీక్షలో ఏ పిల్లైనా ఇలా చేస్తే తను సున్నా వేసి ఉండేవారు.

మధ్యాహ్నం భర్తకి అన్నం తీసుకెళ్లారు. ఆయనది రేకుల షెడ్డు. డబ్బాలూ డ్రమ్ములూ నీళ్ల ట్యాంకులూ చేస్తారు. ఆయన తింటున్నంత సేపూ ఈవిడ గోడు చెప్పుకున్నారు.

"గుండ్రటి ట్యాంకుకి రేకు ఎంత కత్తిరిస్తారండీ మీరు?"

"అడ్డానికి మూడింతలు. పైన జానెడు అతుక్కి."

"పై వాడరా?"

"పైనే కదా ఆ జానెడు!" అని తనే నవ్వి, చెయ్యి కడుక్కుంటూ అడిగారు. "ఇంతకీ టీచరమ్మా, ఆ తొట్టి కారిందని రాశారా ఎక్కడైనా?"

"లేదు."

"మరింకేం? చేసినవాడికి పని తెలుసు. రాసినాయన చూసింది రాశాడు. మధ్యలో నీకెందుకు జ్వరం?"

ఆవిడ నవ్వలేదు గానీ దారిలో మూడుసార్లు ఆ మాటే తలుచుకున్నారు. ఇంటికెళ్లేసరికి ఏం చెయ్యాలో తేలింది.

మర్నాడు క్లాసుకి పిల్లలంతా ఒక గుండ్రటి గిన్నే, దారమూ తెచ్చుకోవాలని కబురు పెట్టారు. పద్దెనిమిది మంది తెచ్చుకున్నారు. ఒకడు అమ్మ తిడుతున్నా బకెట్టు తెచ్చాడు. అడ్డం కొలవండి, చుట్టు కొలవండి, భాగించండి అన్నారు. ఒకరికి మూడు వచ్చింది, ఒకరికి మూడుంపావు, ఇంకొకరికి మూడుకి కూడా తక్కువే. పుస్తకంలో ఉన్న విలువ ఒక్కరికీ రాలేదు.

"మీలో ఎవరైనా అబద్ధం కొలిచారా?" అని అడిగారు ఆవిడ.

"లేదు టీచర్!"

"దారంతో కొలిస్తే ఇంతే వస్తుంది. ఆ తొట్టినీ తాడుతోనే కొలిచి ఉండొచ్చు. లేకపోతే గుర్తుంటుందని నిండు అంకె వేసి ఉండొచ్చు. ఇంకో లెక్క కూడా ఉంది, బెత్తెడు మందం కలుపుకుని. అదీ చూపిస్తాను. కానీ అదే అసలు జవాబని నేను ఒట్టేసి చెప్పలేను."

కళ్లజోళ్ల అమ్మాయి మైకు తెరిచింది. "అయితే అక్కడ తప్పుందా, లేదా?"

కెమెరా ఆపేసి పాస్టరుగారు కూడా వింటున్నారని ఆవిడకి తెలుసు.

"ఆ తొట్టి ఎంత పెద్దదో, ఎంత అందంగా ఉందో చెబుదామని రాశారమ్మా ఆ మాట. పై విలువ చెబుదామని కాదు. నేను దాన్ని తీసుకొచ్చి లెక్కల పాఠం నెత్తిన పెట్టాను. ఆ తప్పు నాది. నా నమ్మకం మాత్రం ఎక్కడికీ పోలేదు. అంతకు మించి నాకు తెలీదు."

ఆ అమ్మాయి "సరే టీచర్" అంది. ఒప్పుకున్నట్టు లేదు, ఒప్పుకోనట్టూ లేదు.

ఆ వారమే ఒక కుటుంబం వాళ్లబ్బాయిని మాన్పించింది. టీచరుకే తెలీనప్పుడు పిల్లాడికేం నేర్పుతారన్నారు వాళ్లు. రోజుల తరబడి ఆవిడకి అన్నం సయించలేదు. పాస్టరుగారు మాత్రం ఒక్క మాటా అనలేదు. ట్రెపీజియం లాంటి వాటికి గడి ఖాళీగా వదిలేస్తానంటే సరేనన్నారు. కుదిరినవి ఉంచి కుదరనివి తీసేస్తే, ముప్పై ఆరింటిలో పదకొండు మిగిలాయి. ఆ పదకొండూ ఇప్పుడు చదువుతుంటే ఆవిడకే కొత్తగా ఉన్నాయి.

వాక్యపాఠం పాస్టరుగారే చెబుతారు. దానికి అంతవరకూ సందేహాల పెట్టె లేదు. నెలాఖరుకి ఆయనే పెట్టించారు. తర్వాతి సోమవారం కాగితం ఒకటి పట్టుకుని దుప్పట్ల గదిలోకి వచ్చారు.

"పద్నాలుగు ప్రశ్నలండీ. ఆరు మీ కళ్లజోళ్ల అమ్మాయివే. వీటిలో తొమ్మిదింటికి నా దగ్గర జవాబు లేదు. ఏం రాయను?"

ఆవిడ ఒక చిన్న కుర్చీ ముందుకి జరిపారు. ఆయన తడబడుతూ, మోకాళ్లు సర్దుకుంటూ అందులో ఇరుక్కున్నారు.

"మొదటిది చదవండి, అయ్యగారూ" అన్నారు ఆవిడ.