నీళ్లలో ముంచి చూడని డబ్బా

ప్రమీలమ్మ చేయించినన్ని పెన్‌స్టాండ్లు ఈ జిల్లాలో ఇంకెవరూ చేయించి ఉండరు. ఐస్‌క్రీము పుల్లలతో చేయించింది. పెళ్లి శుభలేఖల్ని గొట్టాల్లాగా చుట్టించి చేయించింది. కొబ్బరి చిప్పలతో చేయించింది, పాత గాజుల్ని ఒకదాని మీద ఒకటి అంటించి చేయించింది. పిల్లల ఇళ్లకు పోయినప్పుడు కొన్నిటిలో అగరొత్తులు చూసింది, కొన్నిటిలో పళ్లు తోముకునే బ్రష్షులు చూసింది, ఒక ఇంట్లో బీడీకట్ట చూసింది. పెన్ను పెట్టిన స్టాండు మాత్రం ఇంతవరకు ఆమె కంటపడలేదు.

ఆమె క్రాఫ్టు టీచరు. కాంట్రాక్టు ఉద్యోగం, ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు ఊడుతుందో పైవాడికీ తెలియదు, పై ఆఫీసరుకూ తెలియదు. కాపురం కోవూరులో. పొద్దున్నే ఇంత వండి పెట్టి, కావలి బస్సెక్కి, బోగోలు దగ్గర దిగి, షేర్ ఆటోలో ఇరుక్కుని జువ్వలదిన్నె దాటి, ఆటో పోనన్న చోటునుంచి ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ సముద్రం ఒడ్డున జాలర్ల పాళెం బడికి చేరుతుంది. చేరేసరికే సగం ప్రాణం పోతుంది. మిగతా సగం నాలుగు, ఐదు తరగతుల పిల్లలు తీస్తారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణ ఇచ్చారు. ఖర్చు లేకుండా, ఇంట్లో పారేసే వస్తువులతో పిల్లల చేత పనికొచ్చేవి చేయించాలని చెప్పారు. ఆమె శ్రద్ధగా విని వచ్చి, ఇంట్లో పారేసేవి తెమ్మని పాళెం పిల్లలకు చెప్పింది. మర్నాడు అందరూ వట్టి చేతులతో వచ్చారు. పాళెంలో పారేసేది ఏముంటుంది? అట్టపెట్టె దొరికితే గోడ చిల్లికి అడ్డం పెడతారు, చిరిగిన చీరను పడవ తుడవడానికి దాస్తారు. ఐస్‌క్రీము పుల్ల కావాలంటే ముందు ఐస్‌క్రీము కొనాలి కదా! చెత్త కూడా కలిగినవాళ్ల ఇళ్లలోనే పుడుతుందని శిక్షణ ఇచ్చినవాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

అప్పటినుంచి కోవూరు కల్యాణ మండపాల వెనక ఏరుకుని, సంచుల్లో నింపి, బస్సులో ఆమే మోసుకొస్తోంది. ఇంట్లో మంచాల కింద అంతా ఆ సరుకే. భర్త వెంకయ్య కౌలుకు వరి పెట్టే మనిషి, నోరు కాస్త దురుసు. "నేను పోయినాక నన్ను గూడా తగలబెట్టబాక. పెన్‌స్టాండుకు పనికొస్తానేమో చూసుకో" అంటాడు. మొదట్లో నవ్వేది. ఇప్పుడు నవ్వడానికి కూడా ఓపిక కావాలి.

ఈ ఏడాది ఐదో తరగతిలో రోజా అని ఒక పిల్ల ఉంది. తండ్రి కామాక్షయ్యకు చిన్న ఫైబర్ బోటు. తల్లి తెల్లారకముందే రొయ్యల కంపెనీ వ్యాను ఎక్కిపోతుంది కాబట్టి పిల్ల బాగోగులు నాయనమ్మ పేరమ్మే చూస్తుంది. ఒకరోజు క్రాఫ్టు క్లాసులో మళ్లీ పెన్‌స్టాండే. రోజా తను చేసినదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి లేచి నిలబడింది.

"టీచర్, మా ఇంట్లో ఉండేది ఒకటే పెన్ను. అది నా బ్యాగులోనే ఉంటాది. దీంట్లో ఏం పెట్టేది?"

పిల్లలు నవ్వారు. ప్రమీలమ్మకు చివుక్కుమంది, కానీ కోపం రాలేదు. ఇన్నేళ్లుగా తను అడగాల్సిన ప్రశ్న అది. "అయితే మీ ఇంట్లో ఏం కావాల్నో నువ్వే చెప్పు" అంది.

రోజా ఆలోచించుకోవాల్సిన పని లేకుండా చెప్పింది. "మా నాయన వేటకు పొయ్యేటప్పుడు ఫోను ప్లాస్టిక్ కవర్లో చుట్టుకొని రొంటిన పెట్టుకుంటాడు. అయినా తడిసిపోతాది. తడవకుండా ఏమన్నా చెయ్యచ్చా టీచర్?"

అలా మొదలైంది. అంగట్లో చాక్లెట్లు పోసి పెట్టే ప్లాస్టిక్ డబ్బాలు ఖాళీవి ఆమె కోవూరు అంగళ్లలో అడిగి తెచ్చింది. వెడల్పు మూతి, మరలు ఉన్న మూత, ఫోనూ ఆధార్ కార్డూ సుఖంగా పడతాయి. తెగిపోయిన వల ముక్కలతో పిల్లలు చుట్టూ జాలీ అల్లారు. వాళ్ల చేతులు చకచకా ఆడుతుంటే ఆమెకు చాలా రోజుల తర్వాత గంట కొట్టకపోతే బాగుండుననిపించింది.

కానీ ఆ వారంలోనే బడిలో ప్రదర్శన. డబ్బాలన్నీ గోడకు వరసగా వేలాడదీయాలని హెడ్మాస్టరు హరినాథ్ గారి కోరిక. వేలాడాలంటే తాడు కావాలి, తాడుకు బొక్క కావాలి. కాల్చిన మేకుతో మూతలకు బొక్కలు పెట్టించి తాళ్లు దూర్పించింది. బొక్కల చుట్టూ పూయడానికి గట్టి జిగురు లేదు. ఎప్పుడూ కాగితాలకు వాడే తెల్ల జిగురే ఉంది. అది నీళ్లలో నానితే మెత్తబడి ఊడిపోతుందని ఆమెకు తెలియనిది కాదు. రోజూ సాయంత్రం చేతులకంటింది కడుక్కునేది నీళ్లతోనే. నడుము లాగేస్తోంది, బస్సు టైమవుతోంది. 'గోడకు తగిలించేదే కదా' అనుకుంది. అదే పూయించింది.

ప్రదర్శన బ్రహ్మాండంగా జరిగింది. వచ్చిన ఆఫీసరు డబ్బా పట్టుకుని ఫొటో దిగాడు. పిల్లలు డబ్బాలు ఇళ్లకు తీసుకుపోయారు. ప్రమీలమ్మ మళ్లీ శుభలేఖలు ఏరుకునే పనిలో పడింది.

కొన్నాళ్లకు రోజా బడికి రావడం మానేసింది. జ్వరమేమో అనుకుంది ప్రమీలమ్మ. పక్కన కూర్చునే పోలేరమ్మను అడిగితే ఆ పిల్ల గొంతు తగ్గించి చెప్పింది.

"జ్వరం కాదు టీచర్. వాళ్ల నాయన డబ్బాలో ఫోను పెట్టుకొని వేటకు పోయినాడంట. నడిసంద్రంలో ఇంజను ఆగిపోయిందంట. ఫోను చేద్దామని మూత తీస్తే లోపలంతా నీళ్లంట. పొద్దెక్కి ఇంకో బోటోళ్లు చూసిందాకా అట్టనే కొట్టుకొని పోయినాడంట. రోజా చెయ్యి మంచిది కాదని వాళ్లవ్వ తిడతా ఉండాది."

ప్రమీలమ్మ కుర్చీలో కూలబడింది.

చెయ్యి సంగతి ఆమెకు తెలుసు. కామాక్షయ్య ఇంట్లో రోజా చెయ్యి మంచిదని పేరు. చిన్నప్పుడు ఒకనాడు అన్నం క్యారేజీ తండ్రికి అందిస్తే ఆ రోజు వల బరువుగా వచ్చిందట. అప్పటినుంచి ఆ పిల్ల చేత్తో అందుకుంటే గాని ఆయన పడవ నీళ్లలోకి తొయ్యడు. జ్వరంతో పడుకున్నా సరే, పేరమ్మ క్యారేజీని మంచం దగ్గరికి తెచ్చి మనవరాలి చేత ముట్టించేది. ఆ సంగతి రోజా బళ్లో ఎంత గొప్పగా చెప్పుకునేదో! ఇప్పుడా పేరు పోయింది. ఎవరి వల్ల పోయిందో ప్రమీలమ్మకు ఒక్కదానికే తెలుసు.

ఆ పూటంతా తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది. చివరికి హెడ్మాస్టరు గదిలోకి పోయి జరిగింది చెప్పింది. హరినాథ్ గారు చెడ్డవారేం కాదు, కానీ ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి.

"మీరిప్పుడు పోయి తప్పు నాదంటే ఊరంతా మన మీదకొస్తాది మేడం. పిలకాయలు చేసింది పిలకాయల లెక్కలోనే పోనీండి. నాలుగు రోజులైతే వాళ్లే మర్చిపోతారు. మీరు కదిలించబాకండి."

ఆ మాట ఆమెకు ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేం. అలిసిపోయిన మనిషికి ఊరుకోమని చెప్పేవాడు దేవుడిలాగే కనిపిస్తాడు. ఊరుకుందామనే బ్యాగు సర్దుకుంది. ఆటో ఎక్కే చోటిదాకా నడిచింది కూడా. అక్కడ నిలబడితే రోజా మొహమే కళ్లముందు మెదిలింది. తనది కాని తప్పుకు ఆ పిల్ల తన చేతినే తిట్టుకుంటూ ఉంటుంది. బతికినన్నాళ్లూ ఏది చెయ్యబోయినా జంకుతుంది. ఆటో వస్తే పొమ్మని చెప్పి ప్రమీలమ్మ వెనక్కి తిరిగింది.

పేరమ్మ ఇంటి ముందు ఎండుచేపలు ఏరుతోంది. కామాక్షయ్య గడపలో కూర్చుని తెగిన వల సరిచేస్తున్నాడు. రోజా పొయ్యి దగ్గర ఉంది. టీచరును చూసి కూడా లేవలేదు, తల ఇంకా వంచుకుంది.

"రా టీచరమ్మా, కూచో" అంది పేరమ్మ చేపల మీదనుంచి చూపు తిప్పకుండా. "ఆ పిల్లను ఇంక బడికి పంపేది లేదు. చదివింది చాల్లే. అది చేసిన డబ్బా కన్నతండ్రినే ముంచబోయింది."

"అది చెప్పేదానికే వచ్చినా పెద్దమ్మా" అంది ప్రమీలమ్మ. కూర్చోలేదు. కూర్చుంటే నోరు పెగలదని భయం. "రోజా తప్పేం లేదు. మూతకు బొక్కలు పెట్టమన్నది నేను. బొక్కలు మూసిన జిగురు నేనిచ్చిందే. అది నీళ్లకు ఊడిపోతాదని నాకు తెలుసు."

కామాక్షయ్య చేతిలో వల ఆగింది. "తెలుసునా మేడం?"

"తెలుసు కామాక్షయ్యా."

"తెలిసి ఎట్టా చేయించినారు?"

బస్సు టైమైందని, నడుం నొప్పని, గోడకు వేలాడదీయమన్నారని చెప్పవచ్చు. అన్నీ నిజాలే. అవేవీ నోటికి రాలేదు. అసలు మాటే వచ్చింది.

"మీరు వాడతారనుకోలేదు. ఇన్నేండ్లుగా నేను చేయించింది ఏదీ ఎవురూ వాడలేదు."

అన్నాక ఆమెకే సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. కామాక్షయ్య కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆమె చెప్పింది అర్థం కానట్టు చూసి, "బిడ్డ చేసిచ్చింది మేడం. వాడకుండా ఎట్టుంటా?" అన్నాడు.

ప్రమీలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. రోజా పొయ్యి దగ్గరనుంచి ఇటే చూస్తోంది. ఆ చూపులో ఏముందో చదివే ధైర్యం ఆమెకు లేకపోయింది.

పేరమ్మ చేపలు వదిలి లేచింది. ఆ ముసలామె క్షమించడాలు, ఓదార్చడాలు ఎరగదు. సంద్రం మీదకు మనుషుల్ని పంపి ఒడ్డున కూర్చునే వాళ్లకు ఏదో ఒకదాని మీద తప్పు వేస్తేగాని నిద్ర పట్టదు. ఆమెకు కావలసింది ఒకటే లెక్క. దగ్గరికొచ్చి నిలబడి అడిగింది.

"అయితే మంచిది కాని చెయ్యి దాంది గాదు. నీది. అంతేనా?"

కాదనవచ్చు. చేతుల్లో మంచీ చెడూ ఉండవని, అదంతా మూఢనమ్మకమని బళ్లో చెప్పే పాఠం ఇక్కడా చెప్పవచ్చు. పాఠం చెబితే ఈ ఇంట్లో ఎవరూ వినరు. రోజా నెత్తిమీదున్నది అక్కడే ఉంటుంది. ఎవరో ఒకరు దాన్ని దించుకోవాలి.

"నాదే పెద్దమ్మా" అంది ప్రమీలమ్మ.

పేరమ్మ తల ఊపింది. "ఏమే రోజా, పొద్దున్నే లెయ్. నాయనకు క్యారేజీ నువ్వే ఇయ్యాల" అని కేకేసి మళ్లీ చేపల ముందు కూర్చుంది. టీచరుకు నీళ్లు కావాలా అని కూడా అడగలేదు.

మర్నాడే రోజా బడికొచ్చింది. ప్రమీలమ్మ చేతి సంగతి మాత్రం రోజా కంటే ముందే పాళెమంతా తిరిగొచ్చింది. షేర్ ఆటోలో చేపలమ్మే ఆడవాళ్లు ఆమె ఎక్కగానే గంపలు ఒళ్లోకి లాక్కునేవాళ్లు. ఎవరూ తిట్టలేదు, మర్యాదకు లోటు లేదు. "జరిగి కూచో అక్కా" అంటూనే గంప మీద కొంగు కప్పేవాళ్లు. ఆమె రెండు చేతులూ ఒళ్లో ముడుచుకుని కూర్చోవడం నేర్చుకుంది. పూర్తిగా అలవాటు కాలేదు. ఇంటికి పోయి వెంకయ్యకు చెబితే ఆయన మొదటిసారి వేళాకోళం ఆడకుండా, "బదిలీ పెట్టుకోరాదా?" అన్నాడు. కాంట్రాక్టు మనిషికి బదిలీ ఎక్కడిది?

ఒక శుక్రవారం మళ్లీ డబ్బాలు చేయించింది. ఈసారి మూతకు బొక్కల్లేవు. తాడు డబ్బా మెడకు కట్టించింది. మూత లోపల పాత సైకిలు ట్యూబు ముక్క గుండ్రంగా కత్తిరించి పెట్టించింది. బడి బావి దగ్గరనుంచి బకెట్టు నిండా నీళ్లు తెప్పించి, ఒక్కొక్కరి చేత లోపల పొడి గుడ్డ పెట్టించి డబ్బా ముంచి చూడమంది. పైకి తీశాక గుడ్డ తడిస్తే మళ్లీ మొదలు. హరినాథ్ గారు కిటికీలోంచి చూసి వెళ్లిపోయారు.

రోజా అందరికంటే ఆఖరున వచ్చింది. డబ్బాను రెండు చేతులతో నీళ్లలోకి నొక్కి పట్టుకుంది. చాలాసేపు అలాగే పట్టుకుంది. తీసి గుడ్డను చెంపకు ఆనించి చూసుకుంది. మళ్లీ పెట్టి మళ్లీ ముంచింది. మూత ఒక పక్క కాస్త వంకరగా పడినట్టు ప్రమీలమ్మకు కనిపించింది. అలవాటు కొద్దీ ముందుకు వంగి, బిగిద్దామని చెయ్యి చాపింది.

రోజా డబ్బాను గుండెకు హత్తుకుని పక్కకు జరిగింది. పొగరు లేదు, కోపం లేదు. పెద్దవాళ్లు చెప్పింది వినే మంచి పిల్ల గొంతుతోనే చెప్పింది.

"మీరు ముట్టుకోబాకండి టీచర్. ఇది మా నాయన తీసకపొయ్యేది."

ప్రమీలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి, మూత ఎటువైపు వంకర పోయిందో, ఎలా తిప్పి బిగించాలో నోటితోనే చెప్పింది. రోజా సరిగ్గా అలాగే బిగించింది.