రాఘవన్న పేరు వెలిగిన మధ్యాహ్నం

చనిపోయిన మనిషి కంప్యూటర్‌లో పలుకుతున్నాడని చెప్పి ఆదోనిలో ఒక పత్తి మిల్లు ఆఫీసును హడలగొట్టి, ఎమ్మిగనూరులో ఒక ఇల్లాలిని బస్సెక్కించిన ఘనుణ్ణి నేనే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కాని ఆ రోజు నా కుర్చీలో మీరుంటే, మీరూ బల్ల కింద నుంచే నవ్వేవారు.

అప్పుడు నాకు ఇరవైమూడేళ్లు. మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ని. ఎమ్మిగనూరులో మా మిల్లుకొక గోదాము ఉండేది. అక్కడ కాటా చూసే పెద్దాయన పేరు రాఘవప్ప. నేను రాఘవన్నా అనేవాణ్ణి. మిషన్ల మోతలో ఫోను వినపడదు. పైగా పనివేళల్లో చేతిలో సెల్లు కనిపిస్తే మా మిల్లు సావుకారుకు ఒళ్లు మండిపోయేది. అందుకని నేను నెట్‌లో వెతికి, కంప్యూటర్ల మధ్య మెసేజ్‌లు పంపుకునే ఒక ప్రోగ్రామ్ పట్టుకొచ్చాను. పైసా ఖర్చు లేదు. దాని కోడు అందరి ముందూ తెరిచే ఉంటుంది, తెలిసినవాళ్లు ఎవరైనా మార్చుకోవచ్చు. నేను కోడు తెలిసినవాణ్ణి కాదు గాని, దానికున్న మీటలన్నీ నొక్కి చూసేదాకా నాకు అన్నం సహించలేదు.

రెండు ఊళ్లలోనూ అది పెట్టాం. ఏడాదిపాటు బ్రహ్మాండంగా నడిచింది. ఆ వేసవిలో రాఘవన్న గుండె ఆగి పోయాడు. పత్తి రోజులు కావు కాబట్టి సావుకారు గోదాముకు తాళం వేయించాడు.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం. మిల్లు ఆగి ఉంది. మోతకు అలవాటుపడ్డ చెవులకు ఆ నిశ్శబ్దం దూది కుక్కినట్టుగా ఉంది. కిటికీలోంచి పడుతున్న ఎండలో పత్తి నూగు ఎటూ పోకుండా, కిందికి దిగకుండా, గాలిలో నిలబడి ఉంది. అప్పుడు కంప్యూటర్ టింగుమంది. రెండు నెలలుగా బూడిదరంగులో పడి ఉన్న పేరు వెలిగింది.

రాఘవప్ప, ఎమ్మిగనూరు గోదాము.

కళ్లు నులుముకున్నాను. వెలుగుతూనే ఉంది. కీబోర్డు మీద కొట్టాను: "ఎవరు?"

క్షణం కాలేదు. జవాబు వచ్చింది.

"ఈడే ఉండాను. వస్తాండాను."

నా వీపు మీద ఎవరో చన్నీళ్ల చెంబు బోర్లించినట్టయింది. "యాడుండావు?" అని కొట్టాను.

"ఈడే ఉండాను. వస్తాండాను."

"రావద్దు రాఘవన్నా, నీకు దండం పెడతా!"

"ఈడే ఉండాను. వస్తాండాను."

కేక పెట్టి బల్ల కింద దూరాను. ఆ కేకకు సావుకారు లోపలి గదిలోంచి వచ్చాడు. తెర చూశాడు. గోదాము తాళంచెవి కోసం గోడవైపు చూశాడు. మేకు ఖాళీగా ఉంది.

"తాళంచెవి యాడబ్బీ?"

"నాకు తెల్దు సావుకారూ."

"నేను గట్టిగా మాట్లాడినానని ఆయప్పకు మనసులో ఏమన్నా ఉండాదేమో అడుగు," అన్నాడు. ఆ గొంతు ఆయనది కాదు, పిల్లి పట్టిన కోడిపిల్లది. అడిగాను. వచ్చిన జవాబు మీకు తెలుసు. సావుకారు చెప్పులు విడిచి, రెండు ఊదుబత్తీలు వెలిగించి కీబోర్డు సందులో గుచ్చాడు. మానిటర్ నెత్తిన నిమ్మకాయ పెట్టాడు.

ఇక్కడే నేను అసలు ఘనకార్యం చేశాను. రాఘవన్న భార్య ఈరమ్మకు ఫోన్ చేశాను.

"వదినా, అన్న పలుకుతాండాడు. వస్తాననీ చెప్తాండాడు."

"కదలొద్దప్పా, ఆడే ఉండు. నేను వస్తాండా," అంది. ఆ ఆఖరి మాటకు నేను ఇంకోసారి బల్ల కింద దూరాను.

గంటన్నరకు ఆమె వచ్చింది. కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. ఊదుబత్తీ పొగలోంచి ఆ పేరును చూసింది. "బాగుండావా అని అడుగు," అంది మెల్లగా. అడిగాను. ఆ జవాబే. ఆమె వేలు ఆ అక్షరాల మీదికి పోయి ఆగింది. ఆ చూపు నేను భరించలేకపోయాను. ఎటైనా చూద్దామని తెర అంచుకు కళ్లు తిప్పాను. రాఘవన్న పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంది: "సీట్లో లేరు."

అప్పుడు గుర్తొచ్చింది. రాఘవన్న టీకి పోయినప్పుడల్లా సావుకారు మెసేజ్ పెట్టి, జవాబు లేదని తిట్టేవాడు. "నేను లేనప్పుడు అదే ఏదన్నా సెప్పేట్టు సేయప్పా," అని ఆయన అడిగితే, తెర మీద కనిపిస్తున్న ఆ మాటను ఆయన యాసలోనే నేనే కొట్టి పెట్టాను. అక్కడ ఎవరూ కీబోర్డు ముట్టనంతసేపూ, ఎవరెన్నిసార్లు అడిగినా అదే చెప్పేలా పెట్టాను. కరెంటు రాగానే కంప్యూటర్ తనంతట తాను లేచేలా, దాంతోపాటే ప్రోగ్రామ్ తెరుచుకునేలా పెట్టిన మహానుభావుణ్ణీ నేనే. ఇంతలో ఎమ్మిగనూరు నుంచి మా ఎలక్ట్రీషియన్ ఫోన్ చేశాడు. తాళంచెవి పొద్దున తానే మేకు నుంచి తీసుకుపోయాడట. గోదాములో కాలిపోయిన కరెంటు మెయిన్ బాగుచేసి, మధ్యాహ్నం స్విచ్ వేశాడట.

సావుకారు ఊదుబత్తీలు పీకి, నావైపు చూసిన చూపుతో ఇంకో రెండు వెలిగించవచ్చు.

నేను ఈరమ్మ కాళ్ల దగ్గర కూలబడ్డాను. "వదినా, తప్పయిపోయింది. ఆ మాట రాఘవన్నది కాదు, నేను పెట్టింది. నీకు లేనిపోని ఆశ పెట్టినా."

ఆమె కొంగుతో మూతి మూసుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు కదిలాయి. నవ్వు!

"ఆశేందప్పా? ముప్పై ఏండ్లు కాపురం చేసినా. ఒక మాట అడిగితే మూన్నాళ్లకు జవాబిచ్చే మనిషి. అడిగిన చిటికెలో పలికినప్పుడే తెల్సింది, ఈయప్ప మా ఆయన కాదని."

"మరి ఇంత దూరం ఎందుకొస్తివి?"

"ఫోన్లో నీ గొంతు విని వస్తి. పోయింది నువ్వేనేమో అనుకుంటి!"

కాబట్టి పాఠకులారా, ఆదోని ఎండ సాక్షిగా శపథం చేస్తున్నాను. ఇకమీదట ఏ మనిషి తరఫునా ఏ యంత్రానికీ మాటలు నేర్పను. ఒకవేళ నేర్పినా, ఆ యంత్రానికి భయపడి బల్ల కింద దూరేముందు, నేర్పింది నేనేనా అని ఒక్కసారి నన్ను నేను అడిగి చూసుకుంటాను.