బయట ఆడినోడే గొప్పోడు

ఇవాళ పొద్దున జనగామ బస్టాండు పక్కన చాయ్ తాగుతుంటే హోటల్ టీవీలో ఆస్ట్రేలియా నుంచి టెస్టు మ్యాచ్ వస్తోంది. ఎగిరొచ్చే బంతులకు మన బ్యాట్స్‌మన్ తడబడుతుంటే నాకు పాత భయం గుర్తొచ్చింది.

నాకప్పుడు పదేళ్లు. బాపుకు టెస్టు మ్యాచులంటే ప్రాణం. "మన పిచ్చుల మీద ఎవడన్న సెంచరీ కొడ్తడు. బయటి దేశం పోయి కొట్టినోడే గొప్పోడు" అని చిన్నాయనతో వాదించేవాడు. ఆ వారమే నన్ను బొగ్గుగనుల ఊరు భూపాలపల్లిలో హాస్టల్లో చేర్పించారు. ఆ మాట నా గురించే అన్నాడనుకున్నాను.

జనగామ బడిలో ప్రతి ప్రశ్నకూ చెయ్యెత్తే నేను, అక్కడ టీచర్ నా పేరడిగినా పక్కపిల్ల వెనక దాక్కున్నాను. బొగ్గు వాసనకు ముద్ద దిగేది కాదు. ఇంట్లోవాళ్లు మెచ్చుకున్నదంతా ఉత్తదేనని బాపుకు తెలిసిపోతుందని భయపడ్డాను.

ఆదివారం బాపు రాగానే ఏడ్చేశాను. "బాపూ, నేను గొప్పదాన్ని కాదు. నాకు బయట ఆడుడు రాదు."

"ఏం ఆట బిడ్డా? ఎవలన్న కొట్టిండ్రా?" అని పరేషాన్ అయ్యాడు బాపు. సంగతంతా చెప్పాక నా తల నిమిరాడు. "గా మాట నిన్ను అన్నది కాదు బిడ్డా" అన్నాడు.

నేను మెల్లగా అలవాటు పడ్డాను. ఆ రోజు నాకంటే ఎక్కువ భయపడింది బాపేనని ఇప్పుడనిపిస్తుంది. తర్వాత ఎప్పుడైనా మనవాడు బయటి దేశంలో సున్నాకే అవుటైతే, తిట్టబోయిన చిన్నాయనను బాపు ఆపేవాడు.

"జర ఆగరాదు. పిలగాడు ఇల్లిడిచి పోయిండు. కుదురుకోనియ్."