ఏడున్నర సూది

అక్కకి రోజూ పొద్దున్న ఏడున్నరకి ఇన్సులిన్ సూది. తనే పొడుచుకుంటుంది. ఆ వేళకి నేను గంజాం డ్యూటీకి బస్సులో ఉంటాను, బరంపురం ఇంట్లో తనొక్కతే. రెండుసార్లు మరిచిపోయేసరికి కంప్యూటర్లో గంట మోగేలా పెట్టాను. "గంట కొడితే లెగడానికి నానేటి బడిపిల్లనేటి?" అని కసిరింది. సరే మహాతల్లీ అనుకుని, గేట్ బజార్‌లో స్పీకర్లు కొని, గంట బదులు నా గొంతు రికార్డు చేసి పెట్టాను. "అక్కా, సూది ఏసుకో." ఆ మాటకి మాత్రం లేచేది.

అంతటితో ఊరుకున్నానా? మా వీధిలో గట్టిగా గాలి వీస్తే చాలు, కరెంటు పోతుంది. అందుకని కరెంటు రాగానే కంప్యూటర్ తనంతట తానే ఆన్ అయ్యి, తప్పిపోయిన పనిని వెంటనే చేసేలా సెట్టింగుల్లో ఒక టిక్కు పెట్టాను. అదీ నా తెలివి!

వైశాఖంలో ఒకరోజు పొద్దున్నే గాలివాన. కరెంటు లేదు. పదకొండింటికి పక్కింటి ఒడియా ఆవిడ నుంచి ఫోను. "జల్ది ఆసొ భాయి!" అని, తొందరగా రమ్మని. అక్కకి ఒళ్లంతా చెమటలు, మాట తడబడుతోందట. ఆవిడే పంచదార నీళ్లు తాగించి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. షుగరు బాగా పడిపోయిందన్నారు. తిరుగు బస్సులో దారంతా డాక్టర్ని తిట్టాను, మందుల షాపువాణ్ణి తిట్టాను.

సాయంత్రం అక్కని ఇంటికి తెచ్చాక చూస్తే, వాడిన సూదులు పడేసే డబ్బాలో ఆ రోజువి రెండున్నాయి. వెంటనే కంప్యూటర్లో దాని చిట్టా తెరిచాను. ఏడున్నర పని తప్పింది. తొమ్మిదింబావుకి కరెంటొచ్చింది, పని విజయవంతంగా పూర్తయింది. తప్పని చూపే ఎర్రగుర్తు ఎక్కడా లేదు. ఆ టిక్కు తీసెయ్యడానికి అర నిమిషం పట్టలేదు.

భయమంతా కోపమై అక్క మీద పడ్డాను. "ఏడున్నరకే ఏసుకున్నావు గదా! ఆమాత్రం గేపకం లేదేటి?"

మంచం మీంచే నా వైపు చూసింది. "ఎందుకు లేదురా? గడియారం సూసే ఏసుకున్నాను. మల్లీ నువ్వే సెప్పినావు గదా. తమ్ముడు ఏదో తెలిసే సెప్తన్నాడనుకున్నాను."

లేచి వెళ్లి నా గొంతును కంప్యూటర్లోంచి తీసేశాను.