తొందరపడ్డ గుర్రం

తెలివి ఉంటే చాలు, ఉద్యోగమే వచ్చి తలుపు తడుతుందని నమ్మిన రోజులవి. ఎనభైల నడుమ నరసరావుపేటలో మేము చదివిన కాలేజీకి మొదటిసారి కంప్యూటరు వచ్చింది. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లేవాళ్లం (దణ్ణం పెట్టడం ఎవరిష్టం వారిది). దాంతోపాటే, దాని మీద పాఠాలు చెప్పే ఉద్యోగం ఒకటి పుట్టింది. పోటీకి ఇద్దరమే: నేను, మా మేనత్త కొడుకు. కాలేజీ కమిటీ ప్రెసిడెంటుని అందరూ పెదనాయన అనేవారు. పత్తి రైతు, చుట్టుపక్కల ఊళ్ల తగువులన్నీ తీర్చే మనిషి, పైగా చదరంగం పిచ్చి. "చదరంగమాడే ప్రోగ్రాం రాసుకురండ్రా. ఎవరిది బాగుంటే వాడికే ఉద్యోగం" అన్నాడు. అది రాకపోతే నన్ను దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు లెక్కబెట్టడానికి పంపుతానని నాన్న అక్కడ మాట కూడా ఇచ్చేసి వచ్చాడు.

బావ ప్రోగ్రాం బుద్ధిమంతురాలు. మన ఎత్తులన్నీ, వాటికి అవతలివాడి ఎత్తులన్నీ, వాటికి మళ్లీ మనవీ, ఒక్కటీ వదలకుండా చూసేది. నాదీ అంత లోతుకే వెళ్లేది గాని, ఒక ఎత్తు వేస్తే మంత్రి పోతుందని తేలాక, ఆ దారిలో ఇంకా ఏమేం పోతాయో చూడకుండా ఆ కొమ్మ నరికేసేది. జవాబు మారదు, పని తగ్గుతుంది. అలా నరుక్కుంటూ పోయాను గాని, నేను ఏ కొమ్మ మీద కూర్చున్నానో చూసుకోలేదు.

పరీక్ష రోజు పెదనాయన తన ఆటలోని చిక్కు ఒకటి ఇచ్చాడు. ఆయన టీ గ్లాసు అందుకునేలోగా నా ప్రోగ్రాం గుర్రాన్ని కదిపింది. తర్వాత బావది మొదలైంది. టీ అయింది, పత్తి ధర అయింది, కోటప్పకొండ తిరనాళ్లకు కట్టబోయే ప్రభ సంగతీ అయింది. చివరికి అదీ అదే గుర్రాన్ని అదే గడికి కదిపింది. గెలిచాననుకుని నేను లేచి నిలబడ్డాను.

"కూర్చో అబ్బాయ్. నీది అంత బిర్రున ఎట్టా చెప్పింది?"

"పనికిరాని దారులు చూడదు పెదనాయనా. కాపు పెరగాలని పత్తికి తలలు తుంచినట్టే."

"పత్తి వేరు, తగువు వేరు. నలుగురొస్తే నలుగురి మాటా వింటాం. నువ్వు ఇద్దర్ని అడక్కుండానే ఇంటికి పంపేస్తన్నావు. అదేం నాయం?"

"జవాబు రెండిటిదీ ఒకటే గదా పెదనాయనా" అన్నాడు బావ, పాపం.

"ఒకటేరా. నీది చానా ఆలోచించి చెప్పింది, వాడిది నోటికొచ్చింది చెప్పింది. పిల్లకాయలకి కుదురు నేర్పేవాడు గావాలి మనకి."

బావకు ఉద్యోగం, నాకు లారీలు. వాడు సంజాయిషీ చెప్పబోతే వినకుండానే వచ్చేశాను (నరకడం అలవాటు కదా). వాడి పెళ్లికీ వెళ్లలేదు.

ఫ్యాక్టరీలో కొన్నాళ్లకు నాకూ కుదురు వచ్చింది. పైఆఫీసరు ఏదడిగినా, జవాబు తెలిసినా సరే, కళ్లజోడు తుడిచి, పైకప్పు చూసి, నిట్టూర్చి అప్పుడు చెప్పేవాణ్ని. లోతైన మనిషన్నారు, ప్రమోషన్లిచ్చారు. రిటైరయ్యాక కూడా ఆ జబ్బు పోలేదు. ఏం కూర వండమంటారని అడిగి, నేను పైకప్పు చూసేలోగానే మా ఆవిడ వంకాయలు తరగడం మొదలుపెడుతుంది. వంకాయే చెబుదామనుకున్నానని అంటే మాత్రం నమ్మదు.