ఆశ్రమం వాళ్లు అనని మాట

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకుందామన్నా ఇంట్లో ఇంకో మనిషి లేరు. మీరు నన్నెరగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ఖరగ్‌పూర్‌లో, నిమ్‌పురా రైల్వే క్వార్టర్ల దగ్గర ఒక హాలులో, బుధవారం మధ్యాహ్నాలు మేం ఏడెనిమిదిమంది ఆడవాళ్లం కూర్చునేవాళ్లం. అల్లినవీ కుట్టినవీ ఊళ్లో అవసరమైన చోట్లకు ఇచ్చేవాళ్లం. పురిటి ఆసుపత్రికి ఊలు టోపీలు, దిక్కులేని ముసలమ్మల ఆశ్రమానికి శాలువాలు, బొంతలు. మా ఆయన పోయాక నన్ను అక్కడికి తీసుకెళ్లింది పక్క వీధి పైడమ్మ పిన్ని. చుట్టం కాదు, విజయనగరం వైపు మనిషి. నాకు అల్లిక నేర్పింది కూడా ఆవిడే.

అన్నీ మూటగట్టి టోటో రిక్షాలో ఆశ్రమానికి చేర్చే పని నాది. ఒకరోజు ఆశ్రమాన్ని చూసుకునే దీదీ అలమారా తెరిచింది. నేను అల్లిన శాలువాలు మడత విప్పకుండా అలాగే ఉన్నాయి. పాత చీరలతో పైడమ్మ పిన్ని కుట్టిన బొంతలు మాత్రం ఒక్కటీ లేవు. వాటికోసం ముసలమ్మలు పోట్లాడుకుంటున్నారని, ఆ మాసీమాను, అంటే మా పిన్నిని, ఇంకా కుట్టమని చెప్పమని దీదీ నవ్వుతూ అంది. సరేనన్నాను.

ఆ బుధవారం పిన్ని నన్నే అడిగింది.

"ఏటన్నారే పాపా, బొంతలు సూసి?"

"కుట్లు ఊడిపోతన్నాయంట పిన్నీ. ఇంక ఒద్దన్నారు."

చేతిలో ఉన్న గుడ్డను వెలుతురుకు తిప్పి చూసుకుంది. "నిజమేనే. సెయ్యి వణుకుతంది గదా. నాకు తెలవనేదు."

ఇంకొక్క ప్రశ్న వేసినా నేను తడబడేదాన్ని. వెయ్యలేదు. నన్ను నమ్మింది.

రెండు వారాల తర్వాత రావడం మానేసింది. హాల్లో మావాళ్లు అడిగితే చూపు ఆనడం లేదట అన్నాను. దీదీ అడిగితే ఒంట్లో బాగోలేదన్నాను. గుమ్మం పక్కన ఆవిడ చోటు ఖాళీ అయింది. కొన్నాళ్లకు అక్కడ నేనే కూర్చున్నాను.

ఎందుకలా అన్నాను? అసూయ అనేస్తే సరిపోతుందా? ఇంటికి వెళితే నాకోసం ఎదురుచూసేవాళ్లు లేరు. నేను అల్లినది ముక్కూమొహం తెలియని ఒక ముసలమ్మ కప్పుకుని పడుకుంటుందన్న ఊహే వారమంతా నన్ను నడిపించేది, అది కూడా అబద్ధమని ఆ అలమారా చూపించింది. కానీ పిన్నికి మాత్రం ఇంకేం ఉంది? కొడుకుకు డ్యూటీ, కోడలికి వంటిల్లు, ఆవిడకు ఆ సూది. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను.

పిన్ని వాళ్ల వీధిలోంచి నడవడం మానేశాను. మొన్న వానాకాలంలో పిన్ని పోయిందని తెలిసి వెళ్లాను. కోడలు ఒక బొంత తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఇదొక్కటే కుట్టీది, ఇప్పీసీది. బిగువు నేదనీది. ఇది సరిగ్గా వస్తే, ఆశ్రమమోళ్లు తీసుకుంటారేమో మిమ్మల్ని అడుగుతానన్నాది. ఇన్నేళ్లూ ఇదే పని."

సూది పోట్లకు బట్ట జల్లెడలా అయిపోయింది. ఒకచోట చెయ్యి పెడితే చిరిగింది. చెప్పాల్సిన సమయం అదే. నేను చెప్పలేదు. మీ అత్త మంచి మనిషి అన్నాను. కోడలు ఇచ్చిన టీ కూడా తాగి వచ్చాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించగల మనిషి లేదు. కోడలికి ఎప్పటికైనా చెబుతానా అంటే, ఏమో, మాట ఇవ్వలేను. కానీ ఇక్కడ రాస్తున్నాను, ఇది రాస్తుంటే చాలాకాలానికి ఊపిరి నిండుగా ఆడుతోంది. పైడమ్మ పిన్ని కుట్లు గట్టివి. ఊడిపోతున్నాయని ఆశ్రమంలో ఎవరూ అనలేదు. నేనే అన్నాను.