భయపడని పన్నెండు మంది

స్వచ్ఛంద విరమణకు మూడేళ్ల ముందు, ఒక ఏప్రిల్‌లో, నన్ను ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దగ్గరి ఒక ఊరికి సర్వే పనిమీద పంపారు. అప్పుడు నేను ఫీల్డ్ సూపర్‌వైజర్‌ని. వాతావరణ మార్పును ఏ దేశంవాళ్లు ఎలా చూస్తున్నారో తెలుసుకోవడానికి ఒక విదేశీ సంస్థ ఒకే ప్రశ్నపత్రాన్ని చాలా దేశాల్లో అడిగిస్తోంది. ‘వాతావరణం మారిపోతోందని మీకెంత భయం?’ అన్నది ముఖ్యమైన ప్రశ్న. ఒకటి అంటే భయం లేదు, అయిదు అంటే చాలా భయం. భయం ఎక్కువున్న ఊరికి గొర్రెలకు నీడ షెడ్డు, నీళ్ల తొట్టి కట్టిస్తారు. ఆ సంగతి జవాబిచ్చేవారికి ముందుగా చెప్పకూడదు. ఒక్కొక్కరినీ విడిగా అడగాలన్నది మరో నియమం.

ఎండకు తాళలేక నేను, ఆ ఊళ్లో సర్వేకు ఎంపికైన పన్నెండు మందినీ టీ అంగడి పందిరి కిందికి పిలిచాను. మొదట గొర్రెల కాపరి ఓబులేసును అడిగాను.

“బయమా? మాకా? ఎవురనుకుంటాండావప్పా?”

కువైట్‌లో మేస్త్రీగా చేసి వచ్చిన హుసేను పక్కనుంచి నవ్వాడు. “రాసుకోప్పా, ఓబులేసు ఎండకు బయపడినాడని. రేపట్నుంచి గొర్రెలు గూడా వాని మాట ఇనవు.”

“సున్నా ఏసుకో” అన్నాడు ఓబులేసు. సున్నా లేదు, ఒకటితోనే మొదలని చెప్పాను. “అట్లయితే ఒకటి కొట్టు. అది గూడా నీ మొగం జూసి!”

హుసేనుతో సహా మిగిలిన పదకొండు మందీ ఒకటే అన్నారు. అరగంటలో పని ముగిసింది. ‘విడివిడిగా అడిగాను’ అన్న ధ్రువీకరణ కింద సంతకం పెట్టాను.

తర్వాత నివేదిక వచ్చింది. ఐరోపాలోని ఒక చలిదేశంలో, మంచు సరిగా పడటం లేదని జనం అయిదు వేశారు. మా పన్నెండు మంది గురించి ‘వేడికి అలవాటుపడినవారు, పట్టింపు లేదు’ అని రాశారు. షెడ్డు పులివెందుల వైపు ఒక ఊరికి పోయింది. అక్కడి సూపర్‌వైజర్ ఇంటింటికీ తిరిగి అడిగాడు. పని త్వరగా ముగించినందుకు నాకు మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది.

మరుసటి వేసవిలో వెళ్లి ఓబులేసుకు ఉన్నదున్నట్టు చెప్పాను.

“నన్నొగన్నే పక్కకు పిల్సి అడిగింటే అయిదు ఏయమనింటి గదప్పా! నువ్వు రాకముందు యేడాది ఎండలకే పద్నాలుగు గొర్రెలు సచ్చిపాయ. ఇప్పుడు గొర్రెల మందనే అమ్మేస్తాండా. హుసేను ముందర ఆ మాట యాడ జెప్పేది?”

నన్ను బస్సు ఎక్కించడానికి వచ్చిన హుసేను, తనదీ అయిదేనన్నాడు. ఓబులేసుకు మాత్రం చెప్పొద్దన్నాడు.

నా ధ్రువీకరణ అబద్ధమని సంస్థకు రాశాను. సర్వే ముగిసిపోయిందని జవాబిచ్చారు. ఆ నివేదిక పట్టికలో చలిదేశానికీ ఆ ఊరికీ మధ్య కనిపించే తేడా నేను పందిరి కింద తయారుచేసింది. మనిషిని అతని భయం గురించి నలుగురిలో అడగకూడదు. ఎండ ఎంత ఉన్నా ఇంటింటికీ నడవాలి.